బొగతకు పోయే ముందు వాగు గుణం తెలుసుకో

హనుమకొండ

బిడ్డా,

నువ్వు రాసుకున్న ప్లాను మీ అమ్మ నిన్న ఫోన్‌లో పంపింది. ఒక్క ఆదివారంలో రామప్ప గుడి, లక్నవరం చెరువు, మేడారం, దామెరవాయి, బొగత జలపాతం, ఆఖరికి ముత్యాలధార జలపాతం. నలుగురు సోపతులు, ఒక కారు. చదివి సంబరపడ్డాను, వెంటనే భయపడ్డాను కూడా. ఏటూరునాగారం అడవుల్లో పన్నెండేళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. అక్కడి వాగుల గుణం కొంత తెలుసు కాబట్టి ఈ ఉత్తరం.

ముందుగా ముత్యాలధార కొట్టెయ్యి. వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గర అడవి లోపల ఉంటుందది. 2023 జులై 26న దాన్ని చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఎనభై మంది దాకా తిరుగుదారిలో వాగు పొంగి అడవిలోనే చిక్కుకున్నారు. రాత్రిపూట ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు సహాయ దళం) వాళ్ళు వెళ్ళి బయటికి తీసుకొచ్చారు. ఆ తర్వాత అటవీశాఖ అక్కడికి జనాన్ని పోనివ్వకుండా ఆపేసింది. డబ్బులిస్తే వేరే దారిలో తీసుకుపోతామనేవాళ్ళు తగలవచ్చు. వాళ్ళ మాట వినొద్దు. పొద్దున మోకాలి లోతులో దాటిన ఒర్రె సాయంత్రానికి మనిషి లోతు అవుతుంది. ఆ రోజు జరిగింది అదే.

మరునాడు పొద్దునకల్లా మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డట్టు తేలింది. తెలంగాణలో అంతకు ముందు రికార్డు 517.5 మిల్లీమీటర్లు, అది 2013లో వాజేడులో పడింది. లక్ష్మీదేవిపేట రామప్ప ఉన్న మండలమే, బొగత ఉన్నది వాజేడు మండలం. అంటే మీరు పొద్దున బయలుదేరి సాయంత్రం తిరిగొచ్చే దారి ఆ రెండు వానల మధ్యనే ఉంది. జంపన్నవాగు కొండాయి ఊరి మీద పడి ప్రాణాలు తీసింది కూడా ఆ రోజే. నిన్ను బెదిరించాలని కాదు, వానకాలంలో అక్కడ తిరిగేటప్పుడు ఈ లెక్కలు మనసులో ఉండాలని చెప్తున్నా.

ఇప్పుడు ప్లాను నేను తిరగరాస్తాను. పొద్దుగాల ఐదింటికి బయలుదేరండి, నేరుగా బొగతకే పోండి. మన దగ్గర నుంచి 130 కిలోమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. దారిలో రామప్ప మలుపు జంగాలపల్లిలో వస్తుంది, ఆగొద్దు. చల్వాయి దగ్గర లక్నవరం బోర్డు కనబడుతుంది, అక్కడా ఆగొద్దు. నీళ్ళ పని మధ్యాహ్నంలోపు ముగించుకుని వచ్చేటప్పుడు రామప్ప చూడండి. ఈ అడవుల్లో మబ్బు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే కమ్ముకుంటుంది, ఉరుములు అప్పుడే మొదలవుతాయి. లక్నవరం, మేడారం ఎప్పుడైనా పోవచ్చు, మీకు వయసు బోలెడుంది.

తాడ్వాయి అడవిలో కోతులు రోడ్డు మీదికి వస్తాయి. ఏమీ పెట్టొద్దు, అద్దాలు దించొద్దు. ఆ దారిలో విరిగిన చెట్లు కనిపిస్తే కారు కాస్త నెమ్మది చేసి చూడు. 2024 ఆగస్టు 31న ఒక్క గాలికి తాడ్వాయి, మేడారం మధ్య వేల చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

ఏటూరునాగారం దాటాక ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన వస్తుంది. ఆ వంతెన లేని రోజుల్లో మేం పడవలో దాటేవాళ్ళం, వరద ఉంటే అవతలి ఊళ్ళ పిల్లలు బడికి వచ్చేవాళ్ళు కాదు. వంతెన మీద బండి ఆపి ఫోటోలు దిగొద్దు, లారీలు తిరుగుతుంటాయి. అక్కడికి రాగానే నాకు ఫోన్ చెయ్యి. అవతలికి పోయాక సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.

బొగత చీకుపల్లి వాగు మీద ఉంది. నీళ్ళు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టల వైపు నుంచి వస్తాయి. నువ్వు మనసులో పెట్టుకోవాల్సింది ఇదొక్కటే: నీ నెత్తి మీద ఎండ కాస్తున్నా, గుట్టల్లో వాన పడుతుంటే వాగు నిండిపోతుంది. ఆకాశం చూసి ధైర్యపడొద్దు, నీళ్ళను చూడు. తేటగా పారే నీళ్ళు చాయ రంగుకు తిరిగితే, పచ్చి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే, నీళ్ళ చప్పుడు బరువెక్కితే, ఎవరి కోసమూ ఆగకుండా గట్టెక్కండి. చెప్పులు పోతే పోనీ.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను, మీ అమ్మకు కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఒక వానకాలం ఇరవై మంది పిల్లల్ని అడవి చూపిద్దామని తీసుకెళ్ళాను. వాగు నడుమ వెడల్పాటి బండ ఉంటే, చల్లగా ఉందని అక్కడే సద్దులు విప్పించాను. పైన నీలం ఆకాశం, మబ్బు తునక లేదు. అవతలి గట్టు మీద మేకలు కాసే కోయ ముసలాయన ఒకాయన కట్టె ఊపుతూ అరిచాడు. ఏదో పలకరిస్తున్నాడనుకుని నేనూ చెయ్యి ఊపాను. ఆయన మేకల్ని వదిలేసి నీళ్ళలోకి దిగి వచ్చాడు, ఇద్దరు చిన్నపిల్లల్ని రెండు చంకల్లో పెట్టుకుని గట్టు వైపు నడిచాడు. అప్పుడు చూశాను, నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అందరం గట్టెక్కాం. చాయ తాగేంత సేపట్లో ఆ బండ కనబడకుండా పోయింది. సద్దిగిన్నెలన్నీ పోయాయి. ఆ తప్పు పూర్తిగా నాదే. ఆ రాత్రి ఒక్కొక్క పిల్ల పేరూ వరసగా అనుకుంటూ తెల్లారేదాకా మేల్కొనే ఉన్నాను. ఇప్పటికీ అడవిలో ఎవరైనా స్థానికులు ఒక మాట చెబితే, ఎందుకని అడగకుండా ముందు చేస్తాను. నువ్వూ అలాగే చెయ్యి.

బొగతలో టికెట్ ఉంటుంది, సిబ్బంది ఉంటారు, కంచె ఉంటుంది. వరద ఎక్కువుంటే నీళ్ళలోకి దిగనివ్వరు. దిగనివ్వకపోతే వాదించొద్దు, దూరం నుంచి చూసినా దాని అందం ఎక్కడికీ పోదు. దిగనిచ్చిన చోట కూడా ధార కిందికి, గుండం వైపు పోవద్దు. ధార పడే చోట నీళ్ళు నురగై గాలితో కలిసిపోతాయి. అలాంటి నీళ్ళు మనిషిని తేల్చవు, ఎంత ఈత వచ్చినవాళ్ళయినా మునుగుతారు, పైగా సుడి లోపలికి లాగుతుంది. నీకు ఈత వచ్చని నాకు తెలుసు, అది కొలనులో నేర్చిన ఈత. తడి బండల మీద నాచు కంటికి ఆనదు. హవాయి చెప్పులు ఇంట్లో వదిలి, వెనక పట్టీ ఉన్నవి వేసుకో. ఎవరైనా జారితే వెంట దూకొద్దు. రెండు చున్నీలు ముడివేసి విసరండి, సిబ్బందిని కేకెయ్యండి. ధార వైపు వీపు పెట్టి వెనక్కి నడుస్తూ సెల్ఫీలు దిగడం మాత్రం నా మీద ఒట్టు, చెయ్యొద్దు.

పన్నెండింటికి అక్కడి నుంచి లేస్తే మూడింటికల్లా పాలంపేట చేరతారు. రామప్ప దగ్గర తొందరపడొద్దు. అందరూ లోపలికి పోయి దండం పెట్టుకుని, నీళ్ళలో తేలే ఇటుకల ముచ్చట విని వచ్చేస్తారు. నువ్వు ముందు బయట ఒక చుట్టు తిరుగు. ఆరడుగుల ఎత్తు పీఠం మీద గుడి నిలబడి ఉంటుంది, గోడ వెంట ఏనుగుల వరస సాగుతూనే ఉంటుంది. గుడి ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద వాలి నిలబడ్డ మదనికలు, అంటే ఆడవాళ్ళ శిల్పాలు, నల్లరాయి. ఆ నల్లరాయి ఎంత గట్టిదో, దాని మీద నగల పూసల్ని ఒక్కొక్కటిగా చెక్కిన చెయ్యి ఎంత ఓపికగలదో కాసేపు తలెత్తి చూడు. 1213లో గణపతిదేవుడి కాలంలో సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది. ఊరి జనం మాత్రం శిల్పి పేరని చెప్పి రామప్ప అనే పిలుచుకున్నారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు నేను ఆనందంతో ఏడ్చాను.

పునాది సంగతి కూడా నీ సోపతులకు చెప్పు. గుంత తవ్వి ఇసుక నింపి, దాని మీద రాళ్ళు పేర్చారు, భూమి కదిలితే ఆ అదురును ఇసుక మింగాలని. 2024 డిసెంబర్ 4న పొద్దున మేడారం వైపు 5.3 తీవ్రతతో భూకంపం వచ్చి మనమంతా ఇళ్ళలోంచి బయటికి వచ్చామే, ఆ రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఇసుకే. ఆ గుడి పక్కనే రామప్ప చెరువు. అదీ కాకతీయుల కాలందే. వరదకు భయపడి పారిపోకుండా గుట్టల మధ్య కట్ట వేసి నిలిపి, ఎక్కువైన నీళ్ళు పోవడానికి మత్తడి పెట్టారు. పొద్దున బొగతలో అడ్డులేని నీళ్ళ జోరు చూసి, సాయంత్రం ఆ కట్ట మీద నిలబడితే వాళ్ళు చేసిన పని ఎంతటిదో నీకే తెలుస్తుంది. నిజానికి నేను ఈ వరసలో పొమ్మన్నది అందుకు కూడా.

దామెరవాయి రాకాసి గుళ్ళు చలికాలానికి దాచుకో. అవి గుళ్ళు కావు, పెద్ద పెద్ద బండలు నిలబెట్టి పైన కప్పేసిన పాతకాలపు సమాధులు. గుట్ట ఎక్కి నడవాలి, వానకాలంలో గడ్డి నడుము దాకా పెరిగి పాములుంటాయి. సంక్రాంతి తర్వాత ఊరి మనిషిని తోడు తీసుకుని మనిద్దరం పోదాం. నా మోకాళ్ళు ఆ మాత్రం సహకరిస్తాయి.

మిగతావి చిన్నవే. పొడి బట్టలు ఒక జత, తువ్వాల, టార్చి, తాగే నీళ్ళు. తెచ్చిన ప్లాస్టిక్ మళ్ళీ కారులోనే వెనక్కి రావాలి. కారులో పాటలు తాడ్వాయి దాకానే, అక్కడి నుంచి అడవిని విననీ. చీకటి పడకముందే ములుగు దాటెయ్యండి, రాత్రి అడవి రోడ్డు మీద పశువులు పడుకుంటాయి.

ఇంకొకటి. నువ్వు పేరిణి లాస్యం, ఆ కాకతీయుల కాలపు నాట్యం, నేర్చుకునేటప్పుడు మా వాకిట్లో సాధన చేసేదానివి. ఆ పేరిణిని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు ఈ రామప్ప శిల్పాలు చూసే మళ్ళీ బతికించారు. రంగమండపం స్తంభాల మీద నాట్యకత్తెల వరస ఉంది. అందులో నువ్వు నేర్చిన భంగిమ ఏదైనా దొరుకుతుందేమో వెతుకు, దొరికితే ఫోటో పంపు.

ఆదివారం ఐదింటికి ముందే మా ఇంటికి రండి. సర్వపిండి చేసి డబ్బాలో పెడతాను. శనివారం రాత్రి వాజేడు వైపు పెద్దవాన పడిందని వార్త వస్తే మాత్రం, డబ్బా తీసుకుని మధ్యాహ్నం రామప్ప దాకానే పోండి.

మీ పెద్దమ్మ