ఇంకొక్క ఏడాది ఆడమ్మా!

పోయిన సంచికలో ఒకాయన ఒక ప్రశ్న పంపారు. అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ స్టార్లు ప్రొఫెషనల్ లీగుకి వెళ్లిపోతుంటే అభిమానులు ఎందుకంత గోల చేస్తారని. నేను అయోవా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ స్టార్ కెయిట్లిన్ క్లార్క్ సంగతి ఎత్తి, 2024లో అయోవా జనం ‘వన్ మోర్ ఇయర్’ అని అరవడం ఒట్టి స్వార్థం అని రెండు ముక్కల్లో తేల్చేసి పక్క ప్రశ్నకి వెళ్లిపోయాను. ఆ రెండు ముక్కలకి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య ఈ శీర్షికకి దేనికీ రాలేదు. సగం తిట్లే. అందుకని అత్తాకోడళ్ల గొడవలు, ఆవకాయ బూజు లాంటివన్నీ ఈసారికి పక్కన పెట్టి ఇదొక్కటే మాట్లాడుకుందాం.

ప్ర: స్వార్థం అని ఎంత తేలిగ్గా రాశారండీ! మేం చాలా ఏళ్లుగా డి మోయిన్‌లో ఉంటున్నాం. అప్పటికి మా అమ్మాయికి పదేళ్లు. క్లార్క్‌ది లాంటి 22 నంబరు పసుపు చొక్కా ఉతకడానికి కూడా ఇచ్చేది కాదు. క్లార్క్ వెళ్లిపోతున్నానని చెప్పిన రోజు బడి నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా నా ఫోన్ లాక్కుని వార్త చూసి, బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంది. నేను బయట నిలబడి ఉప్మా చల్లారిపోతోందే అని పిలుస్తూనే ఉన్నా. పదేళ్ల పిల్లది కూడా స్వార్థమేనా?
– ఒక అమ్మ, డి మోయిన్, అయోవా

జ: తప్పు నాదేనమ్మా. అయోవాకి ఆ అమ్మాయి అంటే ఏమిటో చెప్పకుండానే తీర్పు ఇచ్చేశాను. ఇప్పుడు చెప్తాను, మీకు తెలిసిందే అయినా మిగతావాళ్ల కోసం. ఆ రాష్ట్రంలో మగవాళ్ల ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏ టీమ్ లేదు, ఆడవాళ్ల డబ్ల్యూఎన్‌బీఏ టీమ్ లేదు, అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్ పెద్ద లీగుల టీములూ లేవు. కాలేజీ టీమే వాళ్లకి సొంత టీమ్. పైగా క్లార్క్ ఎక్కణ్నుంచో వచ్చిన పిల్ల కూడా కాదు, మీ పక్కనే వెస్ట్ డి మోయిన్‌లో పెరిగి, ఇంటికి రెండు గంటల దూరంలోని అయోవా సిటీలో చేరింది. 2023 అక్టోబర్‌లో ఫుట్‌బాల్ ఆడే కిన్నిక్ స్టేడియంలో ఆరుబయట కోర్టు వేసి, డిపాల్ టీమ్‌తో లెక్కలోకి రాని ఒక ఆట ఆడిస్తే చూడ్డానికి 55,646 మంది వచ్చారు. ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కి!

2024 ఫిబ్రవరి 15న మిషిగన్‌తో ఆట నేను మొదట్నుంచీ చూశాను. మహిళల కాలేజీ రికార్డు 3,527 పాయింట్లు, కెల్సీ ప్లమ్ పేరు మీద ఉంది. దాన్ని దాటడానికి ఈ అమ్మాయికి 8 కావాలి. ఏ రెండో క్వార్టర్‌లోనో దాటుతుందిలే, ఈలోగా టీ పెట్టుకుందామని లేచాను. గిన్నెలో పాలు పోసేలోపు రెండు బాస్కెట్లు అయిపోయాయి. మూడోది కోర్టు నడిమధ్య గద్ద బొమ్మ ఉంటుంది చూడండి, దాని అంచు దగ్గర్నుంచి ఎత్తి వేసింది. అంత దూరం నుంచి వేస్తే మా పీఈటీ సార్ అయితే గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తించేవాడు. అది పడింది. రికార్డు అయిపోయింది. ఆట మొదలై రెండున్నర నిమిషాలు కూడా కాలేదు. ఆ రాత్రి మొత్తం 49 పాయింట్లు.

ఇక ‘ఇంకో ఏడాది’ అన్న ఆశ ఎక్కడిదంటే, కోవిడ్ సీజన్‌లో, అంటే 2020-21లో ఆడినవాళ్లందరికీ ఒక ఏడాది అదనంగా ఆడుకునే వీలు ఇచ్చారు. క్లార్క్ కాలేజీలో చేరింది సరిగ్గా అప్పుడే. కాబట్టి నాలుగేళ్లయినా అయిదో ఏడు ఆడొచ్చు, లేదా డ్రాఫ్ట్‌కి, అంటే ప్రో టీములు వరసగా ఆటగాళ్లని ఎంచుకునే ఏర్పాటుకి, పేరు ఇవ్వొచ్చు. ఏదో ఒకటి తేల్చకుండా ఫిబ్రవరి అంతా గడిచింది. జనానికి ఒకటే టెన్షన్. అటు చూస్తే మొదట ఎంచుకునే హక్కు ఇండియానా ఫీవర్ టీమ్‌కి ఉందని డిసెంబర్‌లోనే తేలిపోయింది, వెళ్తే ఎక్కడికి వెళ్తుందో అందరికీ తెలుసు, వెళ్తుందా అన్నదే తెలీదు. చివరికి ఫిబ్రవరి 29న, నాలుగేళ్లకోసారి వచ్చే తేదీ చూసుకుని మరీ చెప్పింది, ఇదే నా ఆఖరి సీజన్ అని. మూడు రోజులాగితే సొంత గడ్డ మీద ఒహాయో స్టేట్‌తో మ్యాచ్. ఆ వచ్చే జనం అప్పటిదాకా ఆశ పెట్టుకుని వచ్చి చివర్లో గుండె పగిలి వెళ్లకుండా ముందే చెప్పేయడం నాకు నచ్చింది. తెలిసి వచ్చారు, తెలిసే అరిచారు. ఆ రోజే మగవాళ్లలో పీట్ మారవిచ్ పేరు మీదున్న 3,667 కూడా దాటేసింది.

మీ అమ్మాయి ఏడ్చింది స్వార్థం కాదు. అది మాత్రం వెనక్కి తీసుకుంటున్నా. కానీ అదే వారం పెద్ద పెద్దవాళ్లు ‘మనం ఇంత చేశాం, మనకి కప్పు తేకుండా పోతుందా’ అని రాసినవి కూడా చదివాను. మనం చేసిందేమిటి, టిక్కెట్ కొన్నాం, పాప్‌కార్న్ తిన్నాం. వాళ్ల గురించి అన్న మాట మాత్రం అలాగే ఉంచుతున్నాను.

ప్ర: చుట్టూ తిప్పడం ఎందుకు సార్, డబ్బు కోసమే వెళ్లింది. ఎవరైనా అంతే.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జ: అన్నా, లెక్క చూద్దాం. మొదటి ఏడాది ఆమెకి ప్రో లీగులో జీతం 76,535 డాలర్లు. అప్పటి రేటున 63 లక్షల రూపాయల పైచిలుకు. మనకి పెద్ద సొమ్మే, కానీ అదే మగవాళ్ల డ్రాఫ్ట్‌లో మొదటి నంబర్ అయినవాడికి ఏడాదికి కోటి డాలర్ల పైనే ఇస్తారు. ఇక కాలేజీలో? 2021 జులై దాకా కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద ఒక ప్రకటన కూడా చేయకూడదు. ఆ రూల్ పోయాక క్లార్క్ కాలేజీలో ఉండగానే నైకీ, గేటరేడ్, స్టేట్ ఫామ్ ప్రకటనల్లో కనిపించింది. అవి ఆమెతోపాటే వస్తాయి, ఉన్నా వస్తాయి, వెళ్లినా వస్తాయి. కాబట్టి ‘డబ్బు కోసం పోయింది’ అన్న పాత పాట ఇక్కడ అతకదు. 2025 జులై నుంచయితే కాలేజీలే నేరుగా ఆటగాళ్లకి డబ్బు ఇవ్వొచ్చు, ఒక్కో కాలేజీకి మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా. ఇప్పుడు డ్రాఫ్ట్‌లో చివర్న వస్తాడనుకునే కుర్రాడు కాలేజీలోనే ఉండిపోతే డబ్బు కోసం ఉన్నాడనాలి. మన నాన్నల కాలంనాటి తిట్టుని తిరగేసి వాడుకోవాల్సి వస్తోంది!

ప్ర: నేను పర్డ్యూ యూనివర్సిటీలో ఎంఎస్ చేశాను. మా బాస్కెట్‌బాల్ స్టార్ జాక్ ఈడీ ప్రో లీగుకి వెళ్లకుండా ఉండిపోయిన ఏడాది అక్కడే ఉన్నాను. మా రూమ్‌లో నలుగురం తెలుగువాళ్లం, బాస్కెట్‌బాల్‌లో ఎన్ని క్వార్టర్లు ఉంటాయో కూడా తెలీకుండా చేరి చివరికి అసైన్‌మెంట్లు ఎగ్గొట్టి మ్యాచ్‌లు చూసేవాళ్లం. ఆయన గురించి ఒక్క మాట రాయండి సార్.
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జ: ఒక్క మాటలో అయ్యేది కాదు తమ్ముడూ. ఏడడుగుల నాలుగంగుళాల మనిషి. (కాలేజీ మగవాళ్ల ఆటలో క్వార్టర్లు ఉండవు, రెండు హాఫ్‌లే. నీకు ఇప్పటికైనా తెలియాలని.) 2023లో దేశంలోనే ఉత్తమ ఆటగాడు, కానీ అదే మార్చిలో జాతీయ టోర్నమెంట్‌లో పర్డ్యూ అన్నిటికన్నా కింది ర్యాంకు, అంటే 16వ సీడ్, ఫెయిర్లీ డికిన్సన్ కాలేజీ చేతిలో ఓడి ఊరంతా తలెత్తుకోలేని పని అయింది. ఆయన డ్రాఫ్ట్‌కి పేరిచ్చాడు, మే 31 గడువు రోజున వెనక్కి తీసుకున్నాడు. ఇంత పొడుగువాళ్ల ఆట ఎన్‌బీఏలో ఇప్పుడు చెల్లదు అని చెప్పినవాళ్లే ఎక్కువ. తిరిగొచ్చి మళ్లీ ఉత్తమ ఆటగాడై, టీమ్‌ని 2024 ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) చేతిలో 75-60తో ఓడారు. ఆ వేసవిలో ఎన్‌బీఏ టీమ్ మెంఫిస్ గ్రిజ్లీస్ తొమ్మిదో నంబర్‌లో తీసుకుంది. మొదటి రౌండ్‌లోకి వస్తాడా అన్న మనిషి!

నీకు బాగా అర్థమయ్యే సంగతి ఇంకొకటుంది. ఈడీది టొరంటో. అంటే నీలాగే స్టూడెంట్ వీసా మీద ఉన్నాడు. తోటి ఆటగాళ్లు ప్రకటనలు చేసుకుంటుంటే ఆయన అమెరికా గడ్డ మీద ఉండి ఆ పని చేయడం కుదరదు, వీసా పోతుంది. పెట్రోల్ బంక్‌లో దొంగచాటుగా పనిచేస్తూ ఎవరైనా చూస్తారేమోనని వణికే మనవాళ్లకీ, వేలమంది తన పేరు అరుస్తున్న ఆ మనిషికీ రూల్ ఒక్కటే. అయినా ఉండిపోయాడు. అందుకే పర్డ్యూ వాళ్లు ఆయన పేరు చెప్తే లేచి నిలబడతారు.

ప్ర: బాస్కెట్‌బాల్ నేర్పిస్తాను, ప్రభుత్వ పాఠశాలలో. మీరు రాసేవన్నీ చదివి మా పిల్లలు ‘చదువు మానేసినా పర్లేదు’ అనుకుంటారేమో. చదువు పూర్తి చేసి వెళ్లినవాళ్లు లేరా?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, విజయవాడ

జ: ఉన్నారు మాస్టారూ. ఎన్‌బీఏ దిగ్గజం టిమ్ డంకన్. పద్నాలుగేళ్లు నిండేముందు తల్లి క్యాన్సర్‌తో పోయింది. డిగ్రీ పూర్తి చేస్తానని ఆమెకిచ్చిన మాట కోసం, ముందే వెళ్తే కోట్లొస్తాయని తెలిసీ వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో నాలుగేళ్లూ ఉన్నాడు. 1997లో మొదటి నంబర్‌గానే వెళ్లాడు. ఇంకో ఎన్‌బీఏ స్టార్ స్టెఫ్ కరీది ఇంకోరకం. డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీలో మూడేళ్లు ఆడి 2009లో వెళ్లాడు, మిగిలిపోయిన డిగ్రీని 2022లో పూర్తి చేశాడు, అప్పటికి ముగ్గురు పిల్లల తండ్రి. మీ పిల్లలకి ఇది చెప్పండి, ‘తర్వాత చదువుతాలే’ అనడానికి వాడుకోకుండా చూసుకోండి.

మన దగ్గర కూడా ఇలాంటిది నేను చూశాను. మా డిగ్రీ కాలేజీలో వాలీబాల్ ఆడే సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఆయన స్మాష్ కొడితే అవతలి జట్టు వెనక వరసవాడు ముందు చెవులు మూసుకునేవాడు. సెకండియర్ మధ్యలో స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చింది. యూనివర్సిటీ పోటీలు పదిరోజుల్లో ఉన్నాయి. మేం ఆయన రూమ్ ముందు కూర్చుని బతిమాలాం, తర్వాత అలిగాం, ఒకడైతే ద్రోహి అని గోడ మీద బొగ్గుతో రాశాడు (నేను కాదు, అక్షరాలు సరిచేశానంతే). ఆయన ఏమీ అనలేదు. తెల్లవారుజామున పాసింజర్‌కి వెళ్తూ తన నీక్యాప్‌లు రెండూ నా చేతిలో పెట్టి, ఇంట్లో ఇద్దరు చెల్లెళ్లున్నార్రా అన్నాడు. పోటీల్లో మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాం. ఆ నీక్యాప్‌లు నాకు వదులు, జారిపోయేవి. పోయిన సంచికలో స్వార్థం అని అంత గట్టిగా రాశానంటే, అయోవా వాళ్ల మీద కోపంతో కాదేమో.

ప్ర: మనవాళ్లెవరూ లేరా ఈ డ్రాఫ్ట్‌లో?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జ: నాకు తెలిసినంతలో తెలుగువాళ్లు ఇంకా లేరు. భారతదేశంలో పుట్టినవాళ్లలో మొదట ఎంపికైంది పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్, 2015లో డాలస్ టీమ్ 52వ నంబర్‌లో తీసుకుంది. ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. కాలేజీలో ఆడకుండా నేరుగా వెళ్లాడు కాబట్టి, ఇంకో ఏడాది ఉండమని అరిచే జనం ఆయనకి లేకపోయారు.

ప్ర: క్లార్క్ ఇంకో ఏడాది ఉంటే నష్టమేంటండీ? కప్పు గెలిచి వెళ్లేది కదా.
– ఒక పాఠకుడు, డాలస్

జ: 2019 ఫిబ్రవరిలో డ్యూక్ యూనివర్సిటీ కుర్రాడు జయాన్ విలియమ్సన్ నార్త్ కరోలినాతో ఆడుతుండగా మొదటి నిమిషంలోనే బూటు చిరిగి మోకాలు మెలిపడింది. ఒబామా కూడా కోర్టు పక్కనే కూర్చుని చూస్తున్నాడు. ఇక ఆడకు, నీ కోట్లు కాపాడుకో అన్నారు చాలామంది. అతను కోలుకుని మళ్లీ వచ్చి ఆడాడు, మొదటి నంబర్‌గానే వెళ్లాడు. అదృష్టం. ఉన్నా గాయమే, వెళ్లినా గాయమే, క్లార్క్‌కి 2025లో ప్రో లీగులో గాయాలై 13 మ్యాచ్‌లే ఆడింది. కానీ ఆ గాయం ఎక్కడ తగలాలో ఎంచుకునే హక్కు సోఫాలో కూర్చున్న మనది కాదు. ఇక కప్పు సంగతా? 2024 ఏప్రిల్ 7న కాలేజీ ఫైనల్‌లో అయోవా వాళ్లు సౌత్ కరోలినా చేతిలో 87-75తో ఓడారు. టీవీలో 1.8 కోట్లకు పైగా చూశారు, ఆ ఏడాది మగవాళ్ల ఫైనల్‌కి 1.5 కోట్లు కూడా దాటలేదు. ఇంకో ఏడాది ఉంటే మాత్రం సౌత్ కరోలినా ఊరుకుంటుందా?

చివరగా డి మోయిన్ అమ్మ ఉత్తరం అడుగున, వంకర టింకర తెలుగు అక్షరాల్లో, ఆ అమ్మాయే రాసిన ఒక లైను ఉంది: ‘ఇప్పుడు నాది ఏ టీమ్?’

బంగారూ, రెండూ నీవే. మీ అయోవా జనం చాలామంది కారేసుకుని ఐదారు గంటలు నడుపుకుంటూ ఇండియానాపోలిస్ వెళ్లి ఫీవర్ మ్యాచ్‌లు చూసొస్తున్నారు. 2025 ఫిబ్రవరి 2న క్లార్క్ తిరిగొచ్చినప్పుడు అయోవా 22 నంబరుని పైకప్పుకి ఎత్తి కట్టేసింది, ఆమె లేని టీమ్ ఆ రోజే యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) టీమ్‌ని 76-69తో ఓడించింది కూడా. ఆ నంబరు చొక్కా అయోవాకి ఇక ఎవరూ వేసుకుని ఆడరు. నీది పొట్టి అయిపోయి ఉంటుంది కదా, ఈసారి రెండు సైజులు పెద్దది కొనమను, పాతది ఒక్కసారైనా ఉతకనివ్వు.