ఆస్ట్రేలియాలో అద్దె ఇల్లు దొరకడం నిజంగా అంత కష్టమా? అక్కడ కూడా ఇల్లు లేనివాళ్ళు ఉంటారా?

మీరు రెండు అడిగారు. జూలైలో మెల్‌బోర్న్ వస్తున్న మీ తమ్ముడికి ఇల్లు దొరుకుతుందా అన్నది ఒకటి. అంత డబ్బున్న దేశంలో కూడా ఇల్లు లేనివాళ్ళు ఉంటారా అన్నది రెండోది. రెండూ మాకు ఒకేసారి ఎదురయ్యాయి. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను.

2023 ఫిబ్రవరిలో సోషల్ వర్క్ మాస్టర్స్ చదవడానికి ఖమ్మం నుంచి వచ్చాను. మా వారు డిపెండెంట్ వీసా మీద నాతోనే వచ్చారు. తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళ ద్వారా మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఒక ఇంట్లో రూము మాట్లాడుకున్నాం. నాలుగు బెడ్‌రూముల ఇంట్లో తొమ్మిది మందిమి. లీజు మాత్రం అందులో ఒక్కరి పేరు మీదే ఉంది. వారానికి 220 డాలర్లు అద్దె, బాండ్ అని, అంటే మన అడ్వాన్స్ లాంటిది, 800 డాలర్లు అతని అకౌంట్‌లో వేశాం. మనవాళ్ళే కదా అని రసీదు కూడా అడగలేదు.

మే నెలలో ఒక ఆదివారం రాత్రి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఇల్లు ఓనర్‌కి అప్పజెప్పేస్తున్నాను, వారంలో అందరూ ఖాళీ చెయ్యండి అని. మేం కాగితం మీద ఎక్కడా లేం. ఎవరిని అడగాలి? ఆ 800 ఇప్పటికీ రాలేదు.

మా వారితో గోడౌన్‌లో పనిచేసే ఒక అన్న తన ఇంటికి రమ్మన్నాడు. పక్కనే ఉన్న ట్రుగనైనాలో వాళ్ళ హాల్లో మూడు వారాలు ఉన్నాం. పొద్దున ఆరున్నరకల్లా పిల్లలు స్కూలుకి తయారవ్వాలి కాబట్టి ఆరింటికే లేచి పరుపు మడిచి సోఫా వెనక నిలబెట్టేదాన్ని. సూట్‌కేసులు కారు షెడ్డులో ఉండేవి. ఒక పంజాబీ డ్రెస్ కావాలన్నా అక్కడికెళ్ళి తీసుకోవాలి. ఆ అక్క పల్లెత్తు మాట అనలేదు. అయినా వాళ్ళ వంటగదిలో టీ పెట్టుకోవడానికి కూడా నాకు చెయ్యి వచ్చేది కాదు. లైబ్రరీ మూసేదాకా అక్కడే కూర్చుని చీకటి పడ్డాక వచ్చేదాన్ని. అమ్మ వీడియో కాల్ చేస్తే వెనక గోడ మాత్రమే కనిపించేలా ఫోన్ పట్టుకునేదాన్ని.

ఆ సెమిస్టర్‌లోనే క్లాసులో ఒకరోజు ఇల్లు లేనివాళ్ళని ఇక్కడి ప్రభుత్వం ఎలా లెక్కపెడుతుందో చెప్పారు. 2021 జనాభా లెక్కల రాత్రి ఈ దేశంలో ఇల్లు లేనివాళ్ళు 1,22,494 మంది. అందులో రోడ్ల మీదా, పార్కుల్లో, గుడారాల్లో పడుకున్నవాళ్ళు 7,636 మంది మాత్రమే. మిగతావాళ్ళు మన కంటికి కనిపించరు. షెల్టర్లలో, విడివిడిగా రూములు అద్దెకిచ్చే రూమింగ్ హౌసుల్లో ఉంటారు. కనీసం నాలుగు బెడ్‌రూములు ఎక్కువ కావాల్సినంత కిక్కిరిసిన ఇళ్ళలో ఉన్నవాళ్ళే దాదాపు 48 వేల మంది. సొంత చిరునామా లేక వేరేవాళ్ళ ఇంట్లో తాత్కాలికంగా తలదాచుకున్నవాళ్ళు 16 వేలకు పైనే. ఆ ఆఖరి వరస చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. నేను చదువుతున్నది నా గురించే. అప్పటిదాకా ఇల్లు లేనివాళ్ళు అన్న మాట సిటీలో ఫ్లిండర్స్ స్ట్రీట్ రైల్వే స్టేషన్ దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చునేవాళ్ళకే అనుకున్నాను.

ఇక ఇల్లు వెతకడం గురించి. మన దగ్గర టు-లెట్ బోర్డు చూసి ఓనర్‌తో మాట్లాడి, రెండు నెలల అడ్వాన్స్ ఇస్తే అయిపోతుంది. ఇక్కడ ఓనర్ ముఖం కూడా కనిపించదు, అంతా ఏజెంటే. శనివారం 10:15 నుంచి 10:30 దాకా ఇన్‌స్పెక్షన్, అంటే ఇల్లు చూసుకునే టైము అంటారు. మేం వెళ్ళిన మొదటి ఇంటి ముందు గేటు దాటి రోడ్డు దాకా లైను. మా ముందు చంకలో పసిపాపతో ఒక అమ్మాయి ఉంది. లోపలికి వెళ్ళాక ఎవరూ ఇల్లు చూడట్లేదు, నిజంగా! అందరూ ఫోన్‌లో అప్లికేషన్ నింపుతున్నారు. అలా పద్నాలుగు ఇళ్ళకి అప్లై చేశాం. రెండు చోట్ల నుంచి మాత్రం 'వేరేవాళ్ళకి ఇచ్చేశాం' అని జవాబొచ్చింది. మిగతావాళ్ళు అది కూడా చెప్పలేదు.

ఎందుకు రాలేదో తర్వాత అర్థమైంది. అప్లికేషన్‌లో ముందు అడిగేది రెంటల్ హిస్టరీ, అంటే ఇంతకుముందు ఎక్కడ అద్దెకున్నారు, సరిగ్గా కట్టారా అని. మేం మూడు నెలలు ఠంచనుగా కట్టాం, కానీ లీజులో పేరు లేదు కాబట్టి కట్టనట్టే లెక్క. చివరికి మా వారి పేస్లిప్పులు, కంపెనీ లెటరు, నా ఫీజు రసీదులు పెట్టి, ఇంకో తెలుగు జంటతో కలిసి నలుగురి పేర్లతో అప్లై చేస్తే వెరిబీలో ఒక పాత ఇల్లు వచ్చింది. వారానికి 480 డాలర్లు.

వారానికి అన్న మాట దగ్గరే మనవాళ్ళు బడ్జెట్ తప్పుతారు. 480ని నాలుగుతో గుణించి నెలకి 1,920 అనుకుంటారు. ఏడాదికి 52 వారాలు కదా, అసలు లెక్క 2,080. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ 160 డాలర్లు అంటే రెండు వారాల కూరగాయలు.

మీ తమ్ముడికి మరీ మరీ చెప్పండి, ఒక్క రూము తీసుకున్నా సరే కాగితం ఉండాలి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో వారం అద్దె 900 డాలర్ల లోపు ఉంటే బాండ్ ఒక నెల అద్దెకి మించకూడదు. ఆ డబ్బు ఓనర్ దగ్గర ఉండదు. రెసిడెన్షియల్ టెనెన్సీస్ బాండ్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థలో జమ చెయ్యాలి. జమ అయ్యాక వాళ్ళ దగ్గర నుంచి మెయిల్ వస్తుంది. రాలేదంటే డబ్బు అక్కడికి చేరలేదేమోనని వెంటనే అడగాలి. ఇంట్లో దిగగానే ఇల్లు ఏ స్థితిలో ఉందో రాసే కండిషన్ రిపోర్ట్ అని ఇస్తారు, ఐదు పనిదినాల్లో నింపి తిరిగివ్వాలి. నేను స్టవ్ మీద పెచ్చు ఊడిన చోటు, బాత్రూమ్ కిటికీ దగ్గర బూజు, కార్పెట్ మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ, అన్నీ తేదీతో ఫొటోలు తీసి పంపాను. ఖాళీ చేసేటప్పుడు ఆ మచ్చకి డబ్బులు కొయ్యబోతే ఆ ఫొటోనే కాపాడింది.

ఇంకొకటి. నలుగురు లేదా అంతకన్నా ఎక్కువ మందికి విడివిడిగా రూములు అద్దెకిచ్చే ఇంటిని ఇక్కడ రూమింగ్ హౌస్ అంటారు. దాన్ని కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించాలి, నడిపేవాళ్ళకి లైసెన్స్ ఉండాలి. మనవాళ్ళు కొందరు ఒక ఇల్లు లీజుకి తీసుకుని, హాల్లో కూడా మంచాలు వేసి, కొత్తగా దిగిన పిల్లల దగ్గర వసూలు చేస్తున్నారు. అది సాయం కాదు. ఊరి పేరు, భాష చూపించి చేసే వ్యాపారం. ఈ మాట గట్టిగానే అంటున్నాను, ఎందుకంటే మాకు జరిగింది తర్వాత వచ్చిన పిల్లలకీ జరగడం కళ్ళారా చూశాను.

ఇది మన స్టూడెంట్ల గొడవ ఒక్కటే అనుకోకండి. మా వారి గోడౌన్‌లో అరవై దాటిన ఒక ఆస్ట్రేలియన్ ఆవిడ ప్యాకింగ్ చేసేది. ఎప్పుడూ అందరికన్నా ముందే వచ్చేది. కారు వెనక సీటు నిండా దుప్పట్లు, కిటికీలకి లోపలి నుంచి అట్టముక్కలు. భర్త పోయాక ఒంటరిగా అద్దెకుంటే, ఓనర్ ఇల్లు అమ్మేశాడట. ఆ జీతానికి ఇంకో ఇల్లు దొరకలేదు. స్నానం కోసమే జిమ్‌కి నెలనెలా కట్టేది. ఉద్యోగం చేస్తూ కూడా ఇల్లు లేకుండా పోవచ్చని నాకు తెలిసింది ఆవిడ వల్లే.

ఇళ్ళకి ఇంత కరువు ఎందుకంటే, కరోనాకి మూసిన సరిహద్దులు తెరిచాక జనం ఒక్కసారిగా వచ్చారు. 2022 మే నుంచి 2023 నవంబర్ లోపు ఇక్కడి రిజర్వ్ బ్యాంక్ వడ్డీ 0.10 శాతం నుంచి 4.35కి ఎక్కింది. ఇళ్ళు కట్టడం ఖరీదైంది. ప్రభుత్వ, సేవాసంస్థల ఇళ్ళు మొత్తం ఇళ్ళల్లో నూటికి నాలుగే. వాటి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళున్నారు. దేశమంతా ఐదేళ్ళలో 12 లక్షల ఇళ్ళు కడతామని ప్రభుత్వం 2024 జూలై నుంచి లెక్క మొదలుపెట్టారు. విక్టోరియాలో 2025 నవంబర్ 25 నుంచి కొంత ఊరట ఉంది. కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు, ప్రకటించిన అద్దె కన్నా ఎక్కువ ఇస్తామన్నా ఏజెంట్ తీసుకోకూడదు. ఇవి మాకు అప్పుడు ఉంటే ఆ పద్నాలుగు అప్లికేషన్లలో ఒకటైనా తగిలేదేమో.

ఎప్పుడైనా తల దాచుకోవడానికి చోటు లేని పరిస్థితి వస్తే సిగ్గుపడి ఆగిపోవద్దని చెప్పండి. విక్టోరియాలో 1800 825 955కి ఫోన్ చేస్తే దగ్గరలో సాయం చేసే చోటికి కలుపుతారు, ఆ కాల్ ఉచితం. ఇంగ్లీషులో చెప్పుకోవడం కష్టమైతే 131 450కి చేసి తెలుగు దుభాషిని అడగవచ్చు. ఈ రెండు నంబర్లూ మాకు అప్పట్లో తెలియవు.

మీ తమ్ముడు వెరిబీ, టార్నీట్ వైపు వస్తుంటే నాకు రాయమనండి. ఇన్‌స్పెక్షన్లకి మా వారు తోడు వెళ్తారు. ఏదీ కుదరకపోతే, ఇల్లు దొరికేదాకా మా హాలు ఉంది. ట్రుగనైనా అక్క మాకిచ్చిన పరుపు ఇప్పుడు మా దగ్గరే ఉంది.