జర్మనీలో క్రిమినల్ లా చదివితే మా అమ్మాయి అక్కడే లాయరవుతుందా?

హనుమకొండ నుంచి ఒక తండ్రి రాసిన మెయిల్ ఇది, క్లుప్తంగా: "మా అమ్మాయి ఐదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీలో నాలుగో సంవత్సరం. క్రిమినల్ డిఫెన్స్ తప్ప ఇంకోటి వద్దంటోంది. జర్మనీలో సైబర్ క్రైమ్ మీద ఎల్ఎల్ఎం చేస్తే ఫీజు ఉండదని, అక్కడే లాయర్‌గా సెటిలవ్వొచ్చని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ఇప్పుడంతా డిజిటల్ కాబట్టి కంప్యూటర్ ముందు కూర్చుని చేసుకునే పనేనట. ఇక్కడ పోలీస్ స్టేషన్ల చుట్టూ, ముద్దాయిల చుట్టూ ఆడపిల్ల తిరగడం కంటే అదే నయం కదా? రెండూ పోల్చి చెప్పండి."

సార్, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మొన్నటిదాకా కెనడా అన్నారు, నిన్న ఐర్లాండ్ అన్నారు, ఇవాళ జర్మనీ. దేశం పేరు మారుతోంది గానీ వెనకున్న భయం ఒకటే. దాని దగ్గరికి వస్తాను, ముందు కన్సల్టెన్సీ మాటల సంగతి తేల్చేద్దాం. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు అసలైనదేనని తేల్చే కాగితం), బ్లాక్డ్ అకౌంట్ (అక్కడి ఖర్చులకు ముందే జమ చేసే డబ్బు) లాంటివి వాళ్లే మీకు కంఠస్థం చేయించి ఉంటారు, అవి వదిలేస్తున్నా.

ఎల్ఎల్ఎం పట్టాతో జర్మనీ క్రిమినల్ కోర్టులో ముద్దాయి తరఫున నిలబడి వాదించడం కుదరదు. అక్కడ లాయర్ కావాలంటే యూనివర్సిటీలో నాలుగైదేళ్లు లా చదివి మొదటి స్టేట్ పరీక్ష రాయాలి, తర్వాత రెండేళ్లు కోర్టులో, ప్రాసిక్యూషన్ ఆఫీసులో, లాయర్ దగ్గర శిక్షణ పొంది రెండో స్టేట్ పరీక్ష పాసవ్వాలి. అంతా జర్మన్‌లోనే. మన ఎల్ఎల్‌బీని తీసుకెళ్లి అక్కడ చూపిస్తే ఆ ఏడేళ్లు మాఫీ కావు. మన దేశపు అడ్వకేట్ అక్కడి లాయర్ల సంఘంలో పేరు నమోదు చేసుకునే దారి ఒకటుంది గానీ, అది భారతీయ చట్టం, అంతర్జాతీయ చట్టం మీద సలహాలివ్వడానికే. కోర్టు భాష జర్మన్ అని వాళ్ల చట్టంలోనే రాసుంది. 2025 ఏప్రిల్ నుంచి కొన్ని పెద్ద వ్యాపార వివాదాలను ఇంగ్లీషులో నడిపే వీలు కల్పించారు, క్రిమినల్ కేసులకు అది వర్తించదు. ఇక ఫీజు లేదన్న మాట ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా కోర్సులకు నిజమే, కానీ ఇంగ్లీషులో నడిచే ఎల్ఎల్ఎం‌లలో చాలావాటికి వేల యూరోలు కట్టాల్సిందే. ఏ కోర్సు, ఏ ఊరు, ఏ భాష అని అడిగారా వాళ్లని? మీ మెయిల్‌లో ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఆ "కంప్యూటర్ ముందు కూర్చుని చేసే డిఫెన్స్" గురించి. ఈ మాటకి మాత్రం కొంచెం కోపమొచ్చింది.

జర్మనీలోనే జరిగిన ఒక కేసు చెప్తాను. ఒక ప్రోగ్రామర్‌ని ఒక వ్యాపారి తన సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన తేడా చూడమని పిలిచాడు. ఆ సాఫ్ట్‌వేర్ లోపలే పాస్‌వర్డ్ ఎవరైనా చదువుకునేలా పడి ఉంది. దాంతో డేటాబేస్‌లోకి వెళ్లి చూస్తే లక్షలాది కస్టమర్ల వివరాలు బయటపడి ఉన్నాయి. ఆయన ఆ లోపం బయటపెట్టాడు, సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆయన మీదే కేసు పెట్టింది. జర్మన్ శిక్షాస్మృతి 202ఎ సెక్షన్ ప్రకారం నేరం కావాలంటే, ఆ డేటాకి అనధికార ప్రవేశం నుంచి "ప్రత్యేక రక్షణ" ఉండి ఉండాలి. అందరికీ కనిపించే పాస్‌వర్డ్ రక్షణ అవుతుందా? యూలిష్ అనే చిన్న ఊరి కోర్టు 2023లో కాదంది, కేసే తీసుకోనంది. ఆఖెన్‌లోని పైకోర్టు మాత్రం రక్షణేనంది. దాంతో 2024 జనవరిలో అదే యూలిష్ కోర్టు ఆయనకి 3,000 యూరోల జరిమానా వేసింది, ఆ ఏడాది నవంబరులో ఆఖెన్ కోర్టు దాన్ని ఖాయం చేసింది. చూశారా, కేసంతా ఒక్క జర్మన్ మాట చుట్టూ తిరిగింది. మీ అమ్మాయికి హ్యాకింగ్ ఎంత వచ్చినా, ఆ మాట మీద జడ్జి ముందు జర్మన్‌లో గంటసేపు వాదించలేకపోతే ఆ క్లయింటుకి ఏం లాభం?

ఇంకోటి ఎన్‌క్రోచాట్. అది ఎన్‌క్రిప్టెడ్ ఫోన్ల నెట్‌వర్క్, 2020లో ఫ్రెంచ్ పోలీసులు లోపలికి దూరి మెసేజిలు లాగారు, జర్మనీలో ఉన్న వాడకందార్లవి జర్మన్ పోలీసుల చేతికొచ్చాయి. వాటిని సాక్ష్యంగా వాడొచ్చని 2022 మార్చిలో జర్మన్ ఫెడరల్ కోర్టు చెప్పింది. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ కోర్టు ఇంకో మాట కలిపింది: కేసుని తేల్చేంత బరువున్న సాక్ష్యం మీద డిఫెన్స్ సరిగా మాట్లాడే వీలే లేకపోతే, దాన్ని పక్కన పెట్టాలి అని. ఇలాంటి కేసులో డిఫెన్స్ లాయర్ చేసేదేంటంటే, వేల మెసేజిలు ఒక్కొక్కటీ చదివి, ఈ మారుపేరు నా క్లయింటుదేనని మీరెలా తేల్చారు, మధ్యలో కొన్ని రోజుల మెసేజిలు ఎందుకు లేవు అని అడగడం. కళ్లు మండే పని. మళ్లీ క్లయింటు జైల్లో ఉంటాడు, వెళ్లి కలవాలి.

అక్కడ "క్రిమినల్ లా స్పెషలిస్ట్ లాయర్" అని బోర్డు పెట్టుకోవాలంటే ప్రత్యేక కోర్సుతో పాటు 60 కేసులు చేసి ఉండాలి, చిన్న కోర్టుల లెక్క కాకుండా 40 రోజులు విచారణలో నిలబడి ఉండాలి. డిజిటల్ దేశం అంటున్నారు కదా, ఇంకో సంగతి వినండి. అక్కడ పెద్ద నేరాలు విచారించే కోర్టుల్లో సాక్షి చెప్పిన మాటలు ఉన్నవున్నట్టు రికార్డు చేయరు. లాయర్లు ఎవరి నోట్సు వాళ్లు రాసుకోవాలి. రికార్డింగ్ పెట్టాలని 2023 నవంబరులో దిగువ సభ బిల్లు పాస్ చేస్తే రాష్ట్రాల సభలో ఆగిపోయింది. మన సెషన్స్ కోర్టులో సాక్షి వాంగ్మూలం టైపు చేసి ఫైల్లో పెడతారు కదా, ఆ లెక్కన మన వరంగల్ కోర్టు నయం.

నా అనుమానం అసలు "సైబర్ లా" అనే పేరు మీదే. ఒప్పుకోవాలి, ఐదారేళ్ల కిందట నేనే పిల్లలకి ఆన్‌లైన్ సైబర్ లా డిప్లొమాలు చేయమని చెప్పాను, చేసి వచ్చినవాళ్లలో ఇద్దరికి ఎఫ్ఐఆర్ చదవడం రాదని తెలిశాక సిగ్గేసింది. దొంగతనం, మోసం, బెదిరింపు పాతవే, ఫోనులోకి వచ్చాయంతే. ముందు క్రిమినల్ లాయర్ అవ్వాలి, ఫోను సంగతి దాని మీద నేర్చుకోవాలి. తిరగేసి చేస్తే గోడ లేకుండా సున్నం వేసినట్టే.

సరే, ఇప్పుడు మీ సంగతి. ఏమీ అనుకోవద్దు, మీరు జర్మనీని ఎంచుకోలేదు, హనుమకొండ కోర్టు నుంచి అమ్మాయిని తప్పించే దారి వెతుకుతున్నారు. పెళ్లి సంబంధాల వాళ్లు "అమ్మాయి ఏం చేస్తుంది" అంటే "జర్మనీలో" అని చెప్పడం సుఖం, "దొంగల కేసులు వాదిస్తుంది" అని చెప్పడం కష్టం. మీ భయం నాకు అర్థమవుతుంది, నాకూ కూతురుంది. కానీ నాలుగేళ్లు ఆ పిల్ల చేత లా చదివించి, తీరా ఆమె ఆ పని చేస్తానంటే ముఖం చిట్లించడం ఏం న్యాయం? ముద్దాయి తరఫున నిలబడటం అంటే నేరం వెనకేసుకురావడం కాదని ఆమెకి కాలేజీలో మొదటి ఏడాదే చెప్పి ఉంటారు, మీకు ఎవరూ చెప్పలేదు. మన కోర్టుల్లో ఆడపిల్లలు బెయిల్ పిటిషన్లు వేస్తున్నారు, సాక్షుల్ని క్రాస్ ఎగ్జామిన్ చేస్తున్నారు, సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తింటున్నారు. మొదటి రెండు మూడేళ్లు జూనియర్‌గా చేతికి పెద్దగా డబ్బు రాదు, ఆ మాట దాచను. అక్కడ మీరు ఆదుకోవాలి. జర్మనీకి పెట్టే డబ్బులో నాలుగో వంతు చాలు.

పైగా ఆమె ఎంచుకున్న కాలం మంచిది. 2024 జూలై 1 నుంచి మనకి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి. సోదా, జప్తు వీడియో తీయాలి. ఫోనులోంచి తీసిన సాక్ష్యానికి సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని తేల్చే వేలిముద్ర లాంటి అంకెల వరస) రాయాలి. ఆ సర్టిఫికెట్‌ని లైను లైనుగా చదివి, ఫోను పట్టుకున్న రోజు నుంచి ల్యాబుకి చేరిన రోజు దాకా ఎవరి బీరువాలో ఉందని పోలీసాఫీసర్ని అడగగలిగే జూనియర్‌ని ఏ సీనియర్ వదులుకుంటాడు?

జర్మనీకి వెళ్లొద్దనడం లేదు. రెండేళ్లు ఇక్కడ ప్రాక్టీసు చేశాక, పరిశోధన మీద మోజుంటే వెళ్లాలి. ఫ్రైబుర్గ్‌లో నేరం, భద్రత, చట్టం మీద మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థ ఉంది. మనిషి కంప్యూటర్ గోప్యత కూడా ప్రాథమిక హక్కేనని 2008లోనే చెప్పిన రాజ్యాంగ కోర్టు కార్ల్స్‌రూహెలో ఉంది. 2025 మార్చిలో అక్కడి ఫెడరల్ కోర్టు, జడ్జి సోదా ఉత్తర్వు ఉంటే ముద్దాయి వేలు పట్టి ఫోను తెరిపించవచ్చంది. పాస్‌వర్డ్ చెప్పమని మాత్రం బలవంతపెట్టడానికి లేదు. మన దగ్గర ఇదే గొడవ మీద వాదించేటప్పుడు ఇలాంటి తీర్పులు మూలభాషలో చదివినవాళ్ల మాటకి బరువుంటుంది. అందుకని జర్మన్ ఇప్పుడే మొదలుపెట్టించండి, వారానికి మూడు క్లాసులు చాలు. మూడు నెలల్లో విసుగొస్తే ఈ చర్చే అయిపోయింది, బోలెడు డబ్బు మిగిలింది.

కన్సల్టెన్సీకి అడ్వాన్సు కట్టి ఉంటే రసీదు తీసుకుని వెనక్కి అడగండి. ఈ వేసవి సెలవుల్లో అమ్మాయిని ఒక డిఫెన్స్ సీనియర్ దగ్గర నెల రోజులు ఇంటర్న్‌గా చేర్చండి, ఒకరోజు మీరూ వెళ్లి సెషన్స్ కోర్టు వెనక బెంచీలో మధ్యాహ్నం దాకా కూర్చుని చూడండి. తర్వాత నాకు మళ్లీ రాయండి, ఈసారి మెయిల్ మాత్రం అమ్మాయి చేత రాయించండి.