పాత సంగతి అచ్చుకెక్కాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయం చరిత్రను పన్నెండు పేజీల్లో రాసి స్థానిక చరిత్ర పత్రికకు పంపాను. నిడివి ఎక్కువైందని తిప్పి పంపారు. ఎలా కుదించాలి?

జవాబు: కుదించొద్దు, విడగొట్టండి. పన్నెండు పేజీల్లో కనీసం మూడు వ్యాసాలుంటాయి: స్థాపన, భవనం కోసం జరిగిన పేచీ, పుస్తకాలు చేరిన తీరు. అందులో మీ చేతిలో గట్టి కాగితం ఉన్నదాన్ని ముందు రాయండి. పత్రిక పాత సంచికలు మూడు తీసుకుని, కాలమ్‌లో పది పంక్తుల్లో పదాలెన్నో లెక్కపెట్టి సగటు తీసి, దాన్ని వ్యాసంలోని పంక్తుల సంఖ్యతో గుణిస్తే వాళ్లు వేసే నిడివి తెలిసిపోతుంది.

మొదటి పేరాలోనే ఏ ఏడు, ఎక్కడ, ఎవరు, ఏం జరిగింది అన్నది వచ్చేయాలి. ‘పూర్వకాలంలో’, ‘అనాదిగా’ అని మొదలుపెడితే ఎడిటర్ రెండో పేరాకు వెళ్లడు. స్థలం చాలనప్పుడు కత్తెర కిందినుంచి పడుతుంది కాబట్టి అసలు సంగతిని చివరికి దాచుకోకండి. ‘మొట్టమొదటి’, ‘అతి పురాతన’ అన్న మాటలు రుజువు లేకుండా రాస్తే వ్యాసం మొత్తం మీద అనుమానం వస్తుంది. ‘దొరికిన రికార్డుల్లో ఇదే పాతది’ అంటే చాలు, అదే నిజం కూడా.

ప్రశ్న: ఇద్దరు పెద్దవాళ్లు ఒకే మాట చెప్పారు. ఆధారంగా సరిపోదా?

జవాబు: ఇద్దరూ ఒకే మనిషి నోట విన్నదైతే అది ఒక సాక్ష్యమే. ‘మీరు చూశారా, విన్నారా?’ అని ముందు అడగండి. ఏం జరిగిందో మనుషులకు బాగానే గుర్తుంటుంది, ఏడాదే జారిపోతుంది. అందుకే ‘ఏ సంవత్సరం?’ అనకుండా ‘అప్పటికి మీ పెద్దబ్బాయి పుట్టాడా? బడికి పోతున్నాడా?’ అని అడిగి, ఆ తేదీని కాగితంతో సరిచూడండి.

కాగితమూ దారి తప్పిస్తుంది. పాత దినపత్రికలో ‘నిన్న’ అని ఉంటే అది సంచిక తేదీకి ముందు రోజే కానక్కర్లేదు; దూరం నుంచి వచ్చిన వార్త అయితే విలేకరి దాన్ని రాసిన రోజుకు ముందు రోజు కావచ్చు. ఇంకా పాతవాటిలో తిరకాసు ఎక్కువ. ఇంగ్లండులో 1752కు ముందు అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అక్కడి పత్రంలో 1740 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1741. పత్రంలో ఉన్నదీ, మీరు సరిచేసిందీ రెండూ చూపించండి.

పేరాలకు అంకెలు వేసి, ఒక్కోదానికి ఆధారమేమిటో వేరే కాగితం మీద రాసి జతచేయండి. అది అచ్చుకు కాదు, ఎడిటర్ కోసం. వ్యాసం త్వరగా తేలడానికి దీన్ని మించిన ఉపాయం లేదు.

ప్రశ్న: పాత ఫొటో పంపితే మసకగా పడింది. లోపం ఎక్కడ?

జవాబు: చాలాసార్లు వాట్సాప్‌లో. మామూలుగా పంపితే అది ఫొటోను పిండేస్తుంది. డాక్యుమెంట్‌గానో, మెయిల్‌లోనో పంపండి. ఫోన్‌తో తీసింది వద్దు, స్కాన్ చేయండి. అచ్చుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చూసుకుంటారు. అసలు ఫొటో 9 సెం.మీ. వెడల్పు అనుకుందాం. 600 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 2,100 పిక్సెళ్లు వస్తాయి, అంటే 18 సెం.మీ. వెడల్పు దాకా నిలుస్తుంది. 300లోనే చేసి పెద్దది చేయమంటే చెదిరిపోతుంది.

పాత పత్రికలో అచ్చయిన బొమ్మను స్కాన్ చేస్తే దాని చుక్కల మీద కొత్త చుక్కలు పడి అలలు అలలుగా కనిపిస్తుంది. స్కానర్‌లో ‘డీస్క్రీన్’ ఎంచుకోండి. ఆల్బమ్‌కు అంటుకున్న ఫొటోను పీకొద్దు, పేజీతో సహా స్కాన్ చేయండి. విడిగా ఉన్నదైతే వెనకవైపు కూడా చేయండి, స్టూడియో ముద్ర, తేదీ అక్కడే దొరుకుతాయి. యాప్‌లతో రంగులద్దడం, ముఖాలు ‘బాగు’ చేయడం మాత్రం దయచేసి వద్దు. ఆ ముఖం ఆ మనిషిది కాకుండా పోతుంది.

ఫొటో కింద వేసే రైటప్‌లో ముందు వరుస, వెనక వరుస అంటూ ఎడమ నుంచి కుడికి పేర్లివ్వండి. తెలియని మనిషి దగ్గర ‘పేరు తెలియదు’ అని రాయాలి. వదిలేస్తే తర్వాతి పేర్లన్నీ ఒక మనిషి పక్కకు జరుగుతాయి.

ప్రశ్న: ఫొటో, ఉత్తరాలు మా ఇంట్లోవే. అనుమతి ఎందుకు?

జవాబు: కాగితం మీది, హక్కు మీది కాకపోవచ్చు. ఉత్తరంపై కాపీరైట్ రాసినవారిది, వారి తర్వాత వారసులది, అందుకున్నవారిది కాదు. ఫొటోకు తీసినవారెవరో చూడాలి. గడువు దేశాన్ని బట్టి మారుతుంది. ఆర్కైవ్స్ నుంచి తెచ్చుకున్నదైతే చదువుకోవడానికిచ్చిన అనుమతి అచ్చుకు చెల్లదు, రాతపూర్వకంగా వేరే తీసుకోండి.

ప్రశ్న: పంపి నెలైంది, ఉలుకూ పలుకూ లేదు. వేరే పత్రికకు పంపొచ్చా?

జవాబు: వ్యాసంతో పాటు పంపే హామీపత్రంలో ‘మరెక్కడా పరిశీలనలో లేదు’ అని సంతకం చేశారు కదా! ఆరు వారాలు ఆగి, శీర్షిక, పంపిన తేదీ చెబుతూ రెండు వాక్యాల్లో అడగండి. జవాబు రాకపోతే ఉపసంహరించుకుంటున్నట్టు రాసి, ఆ తర్వాతే ఇంకోచోటికి పంపండి. ఫైలును యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షర విధానం), వర్డ్‌లో ఇచ్చారా? పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే తెలుగు కాపీ చేసేటప్పుడు ఒత్తులు చెదిరి, మళ్లీ టైప్ చేయాల్సి వస్తుంది. అలాంటివి పక్కన పడిపోతాయి. వార్షికోత్సవానికి ముడిపడిన వ్యాసమైతే మాసపత్రికకు కనీసం రెండు నెలల ముందు చేరాలి.

అచ్చయ్యాక తప్పు కనబడితే సంచిక తేదీ, పేజీ, కాలమ్ చెప్పి, పడిందేమిటో, ఉండాల్సిందేమిటో రాసి సవరణ అడగండి.