న్యూరోస్పోరా గడియారాన్ని కొలవబోయే ముందు

చిరంజీవి సుధకు,

న్యూరోస్పోరా బూజులో జన్యువుల దైనందిన లయను కొలిచే పని చేపట్టావని తెలిసి ఎంతో సంతోషించాను. నేను చెప్పదలచినది ముఖ్యంగా ఒక్కటే: కనిపించే హెచ్చుతగ్గులు బూజు కణాల్లో వేళను లెక్కించే జీవ గడియారానివా, వెలుతురువా, బూజు వయసువా అని తేల్చుకోనిదే ఏ గ్రాఫునూ నమ్మవద్దు.

ఈ గడియారం చీకటిలో, 25 డిగ్రీల వద్ద, సుమారు 22 గంటలకు ఒక చుట్టు తిరుగుతుంది. వైట్ కాలర్-1, వైట్ కాలర్-2 అనే రెండు ప్రోటీన్లు జతకట్టి ఫ్రీక్వెన్సీ జన్యువును పనిలోకి దించుతాయి. దాని నుంచి తయారైన ప్రోటీన్ పోగుపడి ఆ జంటనే అణచివేస్తుంది. ఆ ప్రోటీన్‌కు ఫాస్ఫేట్లు ఒక్కొక్కటిగా తగులుకొని పట్టు సడలగానే చక్రం మళ్లీ మొదలవుతుంది. మరెన్నో జన్యువులకు వేళను అందించేదీ ఈ జంటే. చిక్కంతా ఇక్కడే ఉంది. వైట్ కాలర్-1 ప్రోటీనే నీలికాంతిని పసిగట్టే గ్రాహకం కూడా కనుక, తలుపు సందులోంచి పడిన వెలుతురు నిమిషాల్లోనే ఫ్రీక్వెన్సీ ఆర్‌ఎన్‌ఏను, అంటే ఆ జన్యువు నుంచి తయారయ్యే నకలును, పెంచేస్తుంది, నీవు దానినే శిఖరమనుకుంటావు. నమూనాలు తీసే గదిలో ఎర్రదీపం తప్ప మరేదీ ఉండనీయకు. ఫోను బయటే ఉంచు. ఉష్ణోగ్రత హఠాత్తుగా మారినా గడియారం జరుగుతుంది, ఇంక్యుబేటరు తలుపు ఊరికే తెరవకు.

వయసు సంగతి మరింత సూక్ష్మమైనది. అన్ని ఫ్లాస్కులనూ ఒకేసారి చీకటిలో పెట్టి నాలుగేసి గంటలకొకటి తీస్తూపోతే, చివరి దానిలోని బూజు మొదటి దానికంటె దాదాపు రెండు రోజులు ముదిరి ఉంటుంది, గ్లూకోజ్ కూడా తరిగి ఉంటుంది. అందుచేత అన్నిటినీ ఒకే వేళ నాటి, వెలుతురులో ఉంచి, చీకటిలోకి మార్చే వేళను మాత్రం వరుసగా జరుపుకుంటూ రా; అప్పుడు తీసే సమయానికి అన్నిటి వయసూ ఒకటే అవుతుంది, చీకటిలో గడిపిన గంటలే వేరుగా ఉంటాయి. చీకటిలోకి మార్చిన క్షణం బూజుకు సాయంసంధ్య; అక్కడి నుంచి సుమారు 11 గంటలకు దానికి తెల్లవారుతుంది, ఆ తరువాతి కొద్ది గంటల్లో ఫ్రీక్వెన్సీ ఆర్‌ఎన్‌ఏ శిఖరం కనిపించాలి. రెండు చుట్లు పూర్తిగా చూడనిదే లయ అని రాయకు.

ఏదైనా కొత్త జన్యువు లయబద్ధంగా కనిపిస్తే, అదే ప్రయోగాన్ని ఫ్రీక్వెన్సీ-7 ఉత్పరివర్తకంలోనూ (ఫ్రీక్వెన్సీ జన్యువులో మార్పు వచ్చిన బూజు రకంలోనూ) చేసి చూడు. దాని గడియారం చుట్టు 29 గంటలు. ఆ జన్యువు నిజంగా గడియారం చెప్పుచేతల్లో ఉంటే దాని లయ కూడా అంతకు సాగుతుంది. 22 గంటల దగ్గరే నిలిచిపోతే, కారణం నీ ఏర్పాటులోనే ఎక్కడో ఉండవచ్చు, ముందుగా అక్కడ వెతుకు.

ఆశీస్సులతో.