మనసు మాట: ‘ఒంట్లో బాగోలేదు’ అన్నప్పుడు అమ్మ ఏం చెబుతోంది?

(పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నవారు కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ బోధించి రిటైరైన అధ్యాపకురాలు.)

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది. అమ్మకి 58 ఏళ్ళు. అప్పట్నించీ రోజూ ఏదో ఒకటి: నీరసం, కాళ్ళు పీకడం, గుండెల మీద బరువు. వారానికోసారి మా ఊరి ఆర్‌ఎంపీ గారి చేత సెలైన్ పెట్టించుకుంటే గానీ కుదుటపడదు. భీమవరం తీసుకెళ్ళి ఈసీజీ, షుగరు, థైరాయిడ్, రక్తం అన్నీ చూపించాం. అన్నీ నార్మలే అన్నారు. ‘దిగులుగా ఉందా అమ్మా’ అని అడిగితే ‘దిగులేంటే, ఒంట్లో బాగోలేదంతే’ అంటుంది. ఇదివరకు వంట కాగానే ఎదురింటి అరుగు మీద కూర్చుని నలుగురితో కలిసి లేసు అల్లేది. ఏడాది తిరిగేదాకా ఎవరి గడపా తొక్కకూడదని ఇప్పుడు వెళ్ళడం లేదు. వైజాగ్‌లో చదువుతున్న మా అబ్బాయేమో, రోజూ పావుగంట చొప్పున నాలుగు రోజులు మనసులో బాధ కాగితం మీద పెడితే జబ్బులు తగ్గుతాయని అమెరికాలో రుజువైందట, అమ్మమ్మ చేత రాయించమంటాడు. అమ్మ ఐదో తరగతి చదివింది. నోటుబుక్కు కొనిచ్చాను. అందులో పాల లెక్క రాసుకుంది. ఈ రాయడం నిజంగా పని చేస్తుందా?
— ఒక కూతురు

జవాబు: తల్లీ, మీ అబ్బాయి గాలి కబురు చెప్పలేదు. 1986లో జేమ్స్ పెన్‌బేకర్, శాండ్రా బీల్ అనే ఇద్దరు పరిశోధకులు, టెక్సాస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ విద్యార్థులు 46 మందితో ఈ ప్రయోగం చేశారు. వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట. కొందరిని మామూలు సంగతులేవో రాయమన్నారు. కొందరిని తమ జీవితంలో బాగా కలచివేసిన సంఘటన గురించి రాయమన్నారు. జరిగిందీ, అప్పుడు తమకేమనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్ళు ఆ తరవాతి ఆరు నెలల్లో కాలేజీ ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్ళారు. అయితే రాసిన రోజున మాత్రం వాళ్ళ మనసు ఇంకా బరువెక్కింది. ఈ సంగతి చాలామంది చెప్పరు.

1999లో ఆస్తమా, కీళ్ళవాతం ఉన్న 112 మందితో ఇలాగే చేసి చూశారు. నాలుగు నెలల తరవాత, బాధ గురించి రాసినవాళ్ళలో 47 శాతం మందికి చెప్పుకోదగ్గ మేలు కనబడితే, మామూలు విషయాలు రాసినవాళ్ళలో 24 శాతం మందికే కనబడింది. వినడానికి ఎంతో బాగుంది కదా! కానీ 2006లో ఇలాంటి పరిశోధనలు 146 ఒకచోట పెట్టి లెక్క చూస్తే, మేలు ఉన్న మాట నిజమే గానీ అది చిన్నదని తేలింది. అంతకంటే మీకు కావలసిన సంగతి ఇంకోటుంది. 2002లో నెదర్లాండ్స్ పరిశోధకులు అయినవాళ్ళని పోగొట్టుకుని కొద్ది నెలలే అయినవాళ్ళ చేత ఇలా రాయించి చూశారు. రాసినవాళ్ళకీ రాయనివాళ్ళకీ తేడా కనబడలేదు.

కాబట్టి ఆ నోటుబుక్కులో పాల లెక్కే రాసుకోనివ్వండి. ఎప్పుడూ కలం పట్టని మనిషి చేత, దుఃఖంలో ఉండగా, మనం చెప్పాం కదా అని రాయించడం మందు కాదు, ఇంకో బరువు.

మరి మాట? పెన్‌బేకరే రాతల ప్రయోగానికి ముందు, 1984లో ఇంకో పని చేశారు. ఆత్మహత్య వల్లో, ప్రమాదంలోనో భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్ళని ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. ఆ చావు గురించి స్నేహితులతో మాట్లాడుకున్నవాళ్ళకి జబ్బులు తక్కువ. అది చాలా తక్కువమందితో చేసిన పరిశోధన, దాన్ని పట్టుకుని పెద్ద మాటలు చెప్పను. అయినా మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు అదే గుర్తొచ్చింది. మీ అమ్మగారికి భర్తతో పాటు ఆ అరుగు కూడా పోయింది.

ఇక ‘ఒంట్లో బాగోలేదు’ అన్న మాట గురించి. అమ్మ అబద్ధం చెబుతోందనో, నటిస్తోందనో ఒక్క క్షణం కూడా అనుకోకండి. 1981లో మార్క్ నిక్టర్ అనే మానవశాస్త్రవేత్త దక్షిణ కన్నడ ప్రాంతపు ఆడవాళ్ళ మధ్య పని చేసి ఒక వ్యాసం రాశారు. బాధను బయట పెట్టుకోవడానికి ప్రతి సమాజంలోనూ కొన్ని దారులుంటాయనీ, ఒంటి బాధ చెప్పుకోవడం అందులో ఒకటనీ ఆయన చూపించారు. నాకది చదువుతుంటే మన ఇళ్ళే కళ్ళ ముందు కదిలాయి. మన భాషలో దిగులు ఎక్కడుంటుందో చూడండి. గుండె బరువెక్కుతుంది, కడుపు తరుక్కుపోతుంది, కాళ్ళూ చేతులూ ఆడవు, నోట ముద్ద దిగదు. మనసు సంగతంతా ఒంటి మాటల్లోనే ఉంది. మీ అమ్మగారు ‘గుండెల మీద బరువు’ అన్నప్పుడు దిగులు గురించి మీకు జవాబు చెప్పేసింది. ఆవిడ తెలుగులో ఆవిడ చెప్పింది. మీరు ‘దిగులా?’ అని పేరు పెట్టి అడగ్గానే వెనక్కి తగ్గింది. పిల్లల్ని పెంచుకుంటూ, దిగులుపడితే ఇల్లు నడవదని నలభై ఏళ్ళు అనుకున్న మనిషి ఆ మాటని అంత తేలిగ్గా ఒప్పుకోదు. అందుకని పేరు పెట్టకండి. ‘ఆ బరువు ఏ వేళప్పుడు ఎక్కువగా ఉంటోందమ్మా?’ అని అడగండి. నాన్నగారు కాఫీకి లేచే వేళో, రాత్రి తలుపు గడియ వేసే వేళో, ఆవిడే చెబుతుంది.

మా అత్తగారి సంగతి ఒకటి చెప్పాలి. 1996 నవంబర్ 6 రాత్రి, దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా, కోనసీమ మీద తుపాను విరుచుకుపడింది. ఆ రోజు నేనూ మా వారూ ఊళ్ళో లేం. పిల్లలిద్దరినీ పెట్టుకుని ఆవిడ ఒక్కరే ఉన్నారు. పెంకులు లేచిపోయాయి. పెరట్లో కొబ్బరిచెట్టు పశువుల పాక మీద పడి, కట్టేసి ఉన్న దూడ చచ్చిపోయింది. మేం వచ్చేసరికి ఆవిడ నోట ఒకటే మాట, ‘పలుపు విప్పలేదు.’ ఎవరొచ్చినా అంతే. ‘పలుపు విప్పలేదమ్మా.’ పడిన కాయలు కుప్ప పోస్తూ అదే, రాత్రి పక్క మీద అదే. నేను సైకాలజీ చెప్పేదాన్నయి ఉండి కూడా ‘పోనీలెండి అత్తయ్యా, పిల్లలు దక్కారు, అది చాలదా’ అని మాట తుంచేసేదాన్ని. ఆవిడ మంచి కోసమే అనుకునేదాన్ని.

మా ఇంటికి పాలు పోసే ఆవిడ మాత్రం అలా అనేది కాదు. తన పాకా పోయింది. కేను కింద పెట్టి, మెట్టు మీద కూర్చుని ‘తరవాతేమైందండీ?’ అనేది. రోజూ అదే ప్రశ్న. రోజూ అత్తయ్యకి ఇంకో పిసరు గుర్తొచ్చేది. సంక్రాంతి దాటాక ఒక ఉదయం వంటింట్లోంచి విన్నాను. ‘విప్పాలంటే చీకట్లో పెరట్లోకి వెళ్ళాలి. చిన్నది నా మెడ పట్టుకుని వదల్లేదు. అందుకే వెళ్ళలేకపోయాను’ అంటున్నారు. ‘అందుకే’ అన్న మాట అప్పటిదాకా ఆవిడ నోట రాలేదు. తరవాత కూడా దూడని తలుచుకునేవారు, ఏడిచేవారు. కానీ రాత్రుళ్ళు లేచి కూర్చోవడం తగ్గింది.

కొన్నాళ్ళకి 1997లో వచ్చిన ఒక పరిశోధనా వ్యాసం చదివాను. అలా వరసగా కొన్ని రోజులు రాసినవాళ్ళ కాగితాల్లో మాటలని కంప్యూటరుతో లెక్కపెట్టారు. మొదటి రోజు కంటే చివరి రోజున ‘ఎందుకంటే’, ‘అర్థమైంది’, ‘తెలిసింది’ లాంటి మాటలు పెరిగినవాళ్ళకి ఆరోగ్యం బాగుపడిందట. అది ఇంగ్లీషు రాతల లెక్క, మా అత్తగారిది తెలుగు మాట. రెండూ ఒకటేనని నేననను. కానీ ఆ పేజీ చదువుతుంటే నాకు మెట్టు మీద పాల కేను కనబడింది.

మీరు చేయగలిగింది చెబుతాను. అమ్మ గడప దాటకూడదంటే, ఆ అరుగునే మీ ఇంటికి రప్పించండి. ఎదురింటి ఆవిడ దగ్గరికి మీరే వెళ్ళి ‘పిన్నిగారూ, రేపట్నించి లేసు మా వసారాలో అల్లుకోండి, టీ నేను పెడతాను’ అనండి. పరామర్శకి వచ్చినవాళ్ళ ముందు ఆడవాళ్ళు ఏడవాలో, ఊరుకోవాలో తెలియక బిగుసుకుపోతారు. చేతిలో సూదీ దారం ఉంటే కళ్ళు కిందికి దించుకుని మాట్లాడొచ్చు. మధ్యలో ఆగిపోతే కుట్లు లెక్కపెట్టుకుంటున్నట్టు ఉండొచ్చు. చెప్పిందే చెప్పినా ఎవరూ ఆపొద్దని వాళ్ళకి ముందే చెప్పండి. మీ అమ్మగారి మాటలో ఇంకోటి కూడా గమనించండి. చాలామంది భర్త పోయాక కూడా ‘మేము పెసరట్టు తినం’, ‘మేము పెందలాడే పడుకుంటాం’ అంటుంటారు. ఆ ‘మేము’ని సరిదిద్దకండి. దానంతట అది మారే రోజు మారుతుంది.

సెలైన్ గురించి కోప్పడకండి. ఆ సీసా ఖాళీ అయ్యేదాకా ఒక మనిషి పక్కన కూర్చుని ‘ఎలా ఉందండీ’ అని అడుగుతున్నాడు, ఆవిడ సెలైన్ పెట్టించుకునేది దానికోసం కూడా కావచ్చు. అలాగని అవసరం లేని సూది మంచిది కాదు. అరుగు తిరిగొస్తే అదీ తగ్గుతుందని నా నమ్మకం. కానీ అన్నం మానేసినా, మనిషి చిక్కిపోతున్నా, తెల్లవారుజామునే లేచి కూర్చుంటున్నా, ‘ఆయనతో పాటే పోతే బాగుండేది’ అన్న మాట పదే పదే వచ్చినా ఇవేవీ చాలవు. వెంటనే సైకియాట్రిస్టుకి చూపించాలి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు. గుండెల మీద బరువు ఎప్పటిలా కాకుండా చెమటలతోనో ఆయాసంతోనో వస్తే, ఆ రోజు మనసు సంగతి పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: నాది ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ‘నేను’ అని ఎక్కువగా వాడేవాళ్ళకి డిప్రెషన్ ఉంటుందని వీడియోలో చూసి నా వాట్సాప్ మెసేజ్‌లు లెక్కపెట్టాను. చాలా ఉన్నాయి. టెన్షన్‌తో మూడింటి దాకా నిద్ర పట్టడం లేదు. వైట్ స్పాట్ వచ్చి నాన్న రొయ్యల చెరువు పోయింది. ఎప్పుడూ మాకే ఇలా అవుతుంది. నా వల్ల ఎవరికీ ఏ ఉపయోగం లేదు. నాకు జబ్బు ఉన్నట్టా?
— భీమవరం

జవాబు: బాబూ, లెక్కపెట్టడం ఇక ఆపెయ్. ఇంగ్లీషులో ‘ఐ’ అన్న మాటకీ డిప్రెషన్‌కీ సంబంధం ఉన్నమాట నిజమే. కానీ ఎన్నో పరిశోధనలని కలిపి 2017లో చూస్తే ఆ సంబంధం చాలా పలచనిదని తేలింది. ఒక్క మనిషికి జబ్బుందో లేదో చెప్పడానికి అది పనికిరాదు. పైగా మన తెలుగులో ‘వచ్చాను, తిన్నాను’ అంటే చాలు, ‘నేను’ క్రియలోనే ఉంది. కోపమొస్తే ‘నాకు కోపం వచ్చింది’ అంటాం, అక్కడ కర్త ‘నేను’ కాదు, కోపం. ఇంగ్లీషు కొలబద్ద ఇక్కడ పెడితే కొలత తప్పుతుంది.

నన్ను ఆపింది నీ ఉత్తరంలో వేరే మాటలు: ‘ఎప్పుడూ’, ‘ఎవరికీ’, ‘ఏ ఉపయోగం లేదు.’ ఇలా మొత్తాన్నీ తుడిచేసే మాటలు డిప్రెషన్ గురించి రాసుకునేవాళ్ళ ఇంగ్లీషు రాతల్లో ఎక్కువగా ఉంటాయని రీడింగ్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో చూపించారు. దాన్ని పట్టుకుని కూడా నీకు జబ్బుందని నేను చెప్పను. నిద్ర లేకపోవడం, ఎవరికీ ఉపయోగం లేననిపించడం, ఈ రెండూ చాలు, ఒకరితో మాట్లాడి తీరాలి. ఈ రాత్రే 14416కి చెయ్యి. చెరువు పోవడంలో నీ తప్పు లేదు, మీ నాన్నగారి తప్పూ లేదు. వైట్ స్పాట్ వైరస్. సోకిందంటే కొద్ది రోజుల్లోనే చెరువు చెరువంతా ఊడ్చేస్తుంది. ఆదివారం ఇంటికి వెళ్ళి ఖాళీ చెరువు గట్టు మీద నాన్నతో కాసేపు కూర్చో. ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు. నాకు మళ్ళీ ఉత్తరం రాయి, ఎదురు చూస్తుంటాను.

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో కౌన్సెలర్ దగ్గరికి వెళ్తోంది. అంతా ఇంగ్లీషులోనే మాట్లాడుతుందట. తెలుగులో అయితే ఏడుపొచ్చేస్తుందంటోంది. ఇది మంచిదేనా?
— అమలాపురం

జవాబు: మొదట్లో మంచిదే. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2003లో ఒక సంగతి చూపించారు. టర్కిష్ మాతృభాషగా ఉండి ఇంగ్లీషు తరవాత నేర్చుకున్నవాళ్ళకి చిన్నప్పటి తిట్లు, గద్దింపులు రెండు భాషల్లోనూ వినిపించి వేళ్ళ చెమట కొలిచారు. టర్కిష్‌లో గద్దించినప్పుడు ఒళ్ళు ఎక్కువగా ఉలిక్కిపడింది. మీ అమ్మాయికి ఇంగ్లీషు కాస్త దూరాన్ని ఇస్తోంది, ఆ దూరం నుంచి చెప్పుకోగలుగుతోంది. చెప్పుకోనివ్వండి. అయితే తనని గాయపరిచిన మాట తెలుగులో అన్నదైతే, ఎప్పుడో ఒకరోజు దాన్ని తెలుగులోనే, అన్నది అన్నట్టుగా ఆ గదిలో అనమనండి. కౌన్సెలర్‌కి తెలుగు రాకపోయినా సరే, ముందు ఆ మాట అనేసి, ఏడుపొస్తే ఏడిచి, ఆ తరవాత అర్థం చెప్పవచ్చు.