బాడుగ కోసం ఫ్లాటా, మిద్దె మీద పోర్షన్లా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరికీ 45 దాటాయి. చీటీలు, పొదుపు అన్నీ కలిపి 28 లక్షలున్నాయి. అవిలాల వైపు డబుల్ బెడ్రూం ఫ్లాట్ 52 లక్షలంటున్నారు, 14,000 బాడుగ వస్తుందట. 'మిగతాది లోను పెట్టుకోండి, బాడుగే ఈఎంఐ కట్టేస్తుంది' అని బ్రోకరు రోజూ ఫోన్ చేస్తున్నాడు. మా ఆయనేమో ఉన్న ఇంటి మీదే రెండు సింగిల్ బెడ్రూం పోర్షన్లు వేద్దామంటాడు. మేస్త్రీ 18 లక్షలు చెప్పాడు. స్థలం 30 అంకణాలు. నాకైతే ఫ్లాట్ మీదే మనసు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఆయన మాటే వినండి అంటే కోపం వస్తుందని తెలుసు, అందుకే ముందు లెక్క వేద్దాం, కాగితం పెన్ను తీసుకోండి.

52 లక్షల ఫ్లాట్ 52 లక్షలకు రాదు. రిజిస్ట్రేషన్‌కు మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే 3.9 లక్షలు. కప్‌బోర్డులు, ఫ్యాన్లు, గ్రిల్స్ లేకుండా ఈ రోజుల్లో ఎవరూ బాడుగకు దిగరు కాబట్టి ఇంకో రెండు లక్షలు వేసుకోండి. మొత్తం 58. కడుతున్న ఫ్లాటా, పూర్తయిందా మీరు రాయలేదు, కడుతున్నదైతే దాని మీద 5 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది, కట్టడం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే ఆ బాధ లేదు.

ఇక బాడుగ. ఏడాదికి 1,68,000. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు ఒక నెల పోతుంది, అది 14,000. ఇంటి పన్ను, ఆ ఖాళీ నెల మెయింటెనెన్సు కలిపి 6,000 అనుకుందాం, రంగులు, మోటారు, బాత్రూం లీకేజీ సగటున 12,000. చేతికొచ్చేది 1,36,000. పెట్టిన 58 లక్షల మీద అది రెండున్నర శాతం కూడా కాదు. బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసుకుని కాలు మీద కాలేసుకుని కూర్చున్నా ఇంతకంటే ఎక్కువే వస్తుంది.

బ్రోకరు చెప్పిన ఈఎంఐ సంగతి చూద్దాం. మీ వయసుకు పదిహేనేళ్ల లోనే సరైనది. 30 లక్షలకు ఎనిమిదిన్నర శాతం వడ్డీ పడితే నెలకు దాదాపు 29,500. బాడుగ వచ్చేది 14,000. మిగతా 15,500 పదిహేనేళ్లపాటు ఎవరి జీతంలోంచి? బ్రోకరు జీతంలోంచైతే కాదు. 'రేటు పెరుగుతుంది కదా సార్' అంటారు, పెరగొచ్చు, కానీ అపార్ట్‌మెంట్లో విలువ పెరిగేది స్థలానికి, గోడలకు కాదు, మీ వాటాకొచ్చే స్థలం ఎన్ని గజాలో ఆయన్ని అడిగి చూడండి, నసుగుతాడు.

ఇప్పుడు మిద్దె మీదకు రండి. మీ వీధిలో సింగిల్ బెడ్రూం పోర్షన్ ఎంత నడుస్తోందో నాకంటే మీకే బాగా తెలుసు, 7,000 అనుకుంటే రెండింటికి అదే 14,000. ఖర్చులు కూడా అంతే అనుకుందాం. అదే 1,36,000 ఈసారి 18 లక్షల మీద వస్తోంది, అంటే ఏడున్నర శాతం, స్థలం మీదే కాబట్టి. లోను లేదు, పది లక్షలు ఇంకా చేతిలోనే ఉన్నాయి, పైగా మోటారు చెడితే మెట్లెక్కి చూస్తే చాలు.

కానీ మేస్త్రీ మాట మీద పని మొదలుపెట్టకండి. కింద ఇల్లు పిల్లర్లు వేసి కట్టారా, గోడల మీదే స్లాబు దింపారా అనేది మొదటి ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సింది ఇంజనీరు. ఆయనకిచ్చే నాలుగు డబ్బుల దగ్గర పిసినారితనం వద్దు. 30 అంకణాలంటే 120 గజాలు, అందులో మెట్లు బయటి నుంచి వస్తాయా, కార్పొరేషన్ ప్లాన్‌లో పై అంతస్తుకు అనుమతి ఉందా చూసుకోండి. ప్లాన్ లేకుండా వేస్తే ఇంటి పన్ను జరిమానాతో కలిపి వస్తుంది. రెండు పోర్షన్లకు రెండు కరెంటు మీటర్లు ముందే పెట్టించండి, ఒకే మీటరు పెట్టి యూనిట్లు పంచుకునే పంచాయితీ ఏ ఇంట్లోనూ సుఖంగా తెల్లారలేదు.

ఇంకో మాట, నా సొంత తప్పు. కొన్నేళ్ల కింద నేనూ ఒక ఫ్లాట్ కొన్నాను, జనవరిలో చూశాను, మార్బుల్ చూసి మురిసిపోయాను. తెలుగుగంగ నీళ్లు ఊళ్లోకి వస్తున్నాయి కదా, నీళ్లకేం తక్కువ అనుకున్నా. ఏప్రిల్లో బోరు ఎండింది. తెల్లారి నాలుగింటికి ట్యాంకర్ వచ్చి సంపులోకి పైపు వదిలితే ఆ చప్పుడుకు అపార్ట్‌మెంటంతా బకెట్లతో లేచేది. నా ఫ్లాట్లో ఉన్న నర్సమ్మ నైటు డ్యూటీ చేసి వచ్చి ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది, మే నెలలో సామాను సర్దేసింది, మూడు నెలలు తాళం. అందుకే అంటున్నా, ఎక్కడ కొన్నా ఎండాకాలంలో చూడండి, వాచ్‌మన్‌కు టీ ఇప్పించి నెలకు ఎన్ని ట్యాంకర్లు అని అడగండి, అతను అబద్ధం చెప్పడు.

ఇంత చెప్పినా ఫ్లాటే అంటే, 50 లక్షలు అంతకు మించితే అమ్మేవాళ్లకు ఇచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్, అంటే వాళ్ల తరఫు ఇన్‌కం ట్యాక్స్, పట్టుకుని మీరే కట్టాలి, మర్చిపోతే నోటీసు మీకే వస్తుంది. కొత్త ప్రాజెక్టు 500 చదరపు మీటర్ల స్థలం దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. ఇన్‌కం ట్యాక్స్‌లో బాడుగలోంచి కట్టిన ఇంటి పన్ను తీసేశాక, మిగిలిన దాంట్లో 30 శాతం ఖర్చుల కింద తగ్గిస్తారు, రసీదులు అడగరు. లోను వడ్డీ వల్ల నష్టం చూపించి జీతం మీద ట్యాక్స్ తగ్గించుకోవచ్చని బ్రోకరు అంటే, అది పాత పద్ధతిలో ఏడాదికి రెండు లక్షల వరకే, కొత్త పద్ధతిలో అసలు కుదరదు.

ప్రశ్న: అన్నా, అలిపిరి దగ్గర చిన్న ఫ్లాట్ కొని యాత్రికులకు రోజువారీ బాడుగకిస్తే నెల బాడుగకు మూడింతలు వస్తుందంటున్నారు. నేను చిత్తూరులో ఉద్యోగం చేస్తున్నా. నిజమేనా?

జవాబు: తమ్ముడూ, వైకుంఠ ఏకాదశికి, బ్రహ్మోత్సవాలకు, వేసవి సెలవులకు నిజమే. మిగతా రోజుల లెక్క ఎవరైనా చెప్పారా? అది బాడుగ కాదు, లాడ్జి వ్యాపారం. దర్శనం ముగించుకుని రాత్రి రెండింటికి కొండ దిగిన కుటుంబానికి తాళం ఎవరిస్తారు, పదకొండు మంది వాడిన దుప్పట్లు ఎవరు ఉతికిస్తారు, ఆధార్ కాపీలు ఎవరు తీసుకుంటారు? చిత్తూరు నుంచి నువ్వైతే కాదు. మనిషిని పెడితే అతని జీతం తీశాక మూడింతలు ఎంతవుతుందో చూసుకో. ఇళ్ల మీటరు మీద ఇది నడిపితే కరెంటోళ్లు వచ్చి వ్యాపార కేటగిరీకి మారుస్తారు. అన్నింటికంటే ముందు ఆ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రూల్సు అడుగు, రోజూ కొత్త ముఖాలు లిఫ్టులో తిరిగితే పక్కింటివాళ్లు ఊరుకోరు. నువ్వు దూరంగా ఉంటావు కాబట్టి యూనివర్సిటీ, ఆసుపత్రుల వైపు నెల బాడుగకిచ్చే ఇల్లే నీకు నయం.

ప్రశ్న: చంద్రగిరి దగ్గర డీకేటీ స్థలం సగం రేటుకే వస్తోంది. నోటరీ అగ్రిమెంటు చేస్తామంటున్నారు. రూములు కట్టి బాడుగకివ్వచ్చా?

జవాబు: వద్దండీ. డీకేటీ అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి, దాని అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత సవరణలు వచ్చిన మాట నిజమే, కానీ ఆ సర్వే నంబరు 22-ఏ అనే నిషేధిత భూముల జాబితాలో ఉన్నంతకాలం రిజిస్ట్రేషన్ జరగదు, నోటరీ కాగితంతో మీరు ఓనరు కారు. మఠం భూములు, దేవాదాయ భూముల సంగతీ అంతే. సగం రేటుకు ఎందుకిస్తున్నారో వాళ్లకు తెలుసు.

ప్రశ్న: ఇల్లు బాడుగకిస్తున్నాను సార్, అందరూ 11 నెలల అగ్రిమెంటే రాస్తారెందుకు?

జవాబు: ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని కేంద్ర చట్టం, ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి 11 అలవాటైంది, కానీ మన రాష్ట్ర సవరణ ప్రకారం ఎన్ని నెలల లీజైనా రిజిస్టర్ చేయించాల్సిందే. గడువు అయ్యాక నోటిమాటతో వదిలేయకుండా కొత్త కాగితం రాసుకోండి. తాళాలిచ్చే రోజు ఫ్యాన్లు, గీజరు, కొళాయిలు లెక్కపెట్టి సంతకం తీసుకోండి, మీటరు రీడింగును బాడుగకు దిగేవాళ్ల ముందే ఫొటో తీయండి. మా ఇంట్లో ఒకాయన నాలుగు నెలల కరెంటు బిల్లు కట్టకుండా వెళ్లిపోయాడు, బకాయి సర్వీసు నంబరు మీద కదా ఉంటుంది, నేనే కట్టాను. ఇప్పుడు ప్రతి నెలా ఫోన్లో సర్వీసు నంబరు కొట్టి బిల్లు కట్టారో లేదో చూసుకుంటాను. ఇప్పుడున్నాయన చాలా మంచివాడు, అయినా చూస్తాను.